చెక్కిన కంటికి గట్టి కటకము: కొలతలపై ఒక విమర్శ

అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో దిమ్మలు తూచు కాటామీద తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండును. ఆ ముద్ర చెప్పునది చాల చిన్న సంగతి. చదునైన నేలమీద నుంచి, తెలిసిన రాళ్ళు వేసి చూచినపుడు ఆ కాటా సరియైన బరువు చూపినదని మాత్రమే దాని అర్థము. అదే కాటాను ఏటవాలు నేలమీద నిలిపి తూచినచో ముద్ర చెరిగిపోదు. బరువు మాత్రము తప్పును. ఈ సంగతి రైతుకు గాని వర్తకునకు గాని వేరుగ చెప్పనక్కరలేదు. కంటి విషయమునకు వచ్చుసరికి చదువుకొన్నవారు సైతము దీనిని మరచిపోవుచున్నారు. యంత్రము చూపిన అంకెను చూతురే గాని, ఆ యంత్రము ఏ నేలమీద నిలిచి కొలిచినదో అడుగరు.

కళ్ళజోడు మాన్పించు లేసరు చికిత్స ఇపుడు కొత్త వింత కాదు. పెండ్లిచూపులకు ముందు కొందరు, ఉద్యోగపు శరీర పరీక్షలకు ముందు కొందరు, జోడు బరువు మోయలేక కొందరు దీనిని చేయించుకొనుచున్నారు. అనకాపల్లి వారికి విశాఖపట్టణము గంట ప్రయాణము. ఉదయము రైలెక్కి వెళ్ళి సాయంకాలమునకు తిరిగి రావచ్చును. ఈ చికిత్సను గూర్చి జనసామాన్యములో వ్యాపించిన మాట ఒకటి కలదు: “అద్దాలకు సెలవు, కన్ను బాగుపడిపోయింది.” ఈ మాటలో మొదటి సగము చాలమందికి నిజమే. రెండవ సగము విమర్శకు నిలువదు.

ఒక ఉదాహరణము ఊహించుకొందము. నలువది యేండ్ల గుమాస్తా యొకడు. ఇరువదినాలుగవ యేట అతనికి మైనస్ 6 జోడు ఉండెడిది. లేసరు చికిత్స చేయించుకొని పదునారేండ్లు జోడు లేకుండ గడిపినాడు. ఇపుడు రాత్రివేళ ఎదుటినుండి వచ్చు లారీ దీపములు చీలి కనబడుచున్నవి. అంకెల ప్రక్కన దయ్యపు నీడవలె మరొక అంకె తోచుచున్నది. జోడు మార్చినను ఈ నీడ పోదు. దీనికి తోడు అతనిని పరీక్షించిన వైద్యులు దృష్టినాడి తీరు చూచి నీటికాసులను అనుమానించినారు. చూపు తేటపడవలెనన్న గట్టి కటకము, అనగా కంటిలోనే తొడుగుకొను గట్టి ప్లాస్టిక్ బిళ్ళ, పెట్టుకొనవలసి యున్నది. లేసరు చికిత్స, నీటికాసులు, కటకము అను మూడును మూడు వేరు గదులలో వేరు వేరు నిపుణుల చేతిలో ఉండును. కన్ను మాత్రము ఒకటే.

మొదట చికిత్సనే చూతము. నల్లగుడ్డు ముందు గడియారపు అద్దమువలె నుండు పారదర్శకమైన పొరను కార్నియా అందురు. కంటికి మొత్తము దాదాపు 60 డయాప్టర్ల శక్తి యుండగా అందు 43 వరకు ఈ పొరదే. దీని వంపును తగ్గించినచో హ్రస్వదృష్టి సవరింపబడును. ఈ సవరణకు వాడు అతినీలలోహిత లేసరు కిరణము కణజాలమును కాల్చక చక్కగ చెక్కునని మొదట చూచినవారిలో ముఖ్యుడు మద్రాసులో పుట్టిన రంగస్వామి శ్రీనివాసన్. ఆయన అమెరికాలో ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేయుచు, 1981లో పండుగ భోజనములో మిగిలిన టర్కీకోడి ఎముకలపైని, మృదులాస్థిపైని ఈ కిరణమును ప్రయోగించి చూచెను. అంచులు మాడలేదు. 1983లో స్టీఫెన్ ట్రోకెల్ అను నేత్రవైద్యునితో కలిసి కార్నియామీద ఫలితములు ప్రకటించెను. విందులో మిగిలినదానితో మొదలైన విద్య ఇది.

ఎంత చెక్కుదురన్నది సులభమైన లెక్క. చెక్కు వలయపు వ్యాసమును మిల్లీమీటర్లలో వర్గము చేసి మూడుచే భాగించిన, ఒక్కొక్క డయాప్టరుకు పోవు మందము మైక్రాన్లలో వచ్చును. వ్యాసము 6 అయినచో 36ను 3చే భాగింపగా 12. మన గుమాస్తాకు ఆరు డయాప్టర్లు గనుక 72 మైక్రాన్లు. మైక్రానన్న మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కార్నియా నడిమి మందము సుమారు 540 అనుకొన్నచో ఇక 468 మిగులును. లేసరుకు ముందు కోసి పైకెత్తిన పలుచని రేకు తిరిగి పరచినను మునుపటివలె పూర్తిగా బిగిసి అతుకుకొనదు. కనుక గట్టితనములో కలిగిన నష్టము మందములో కలిగిన నష్టముకంటె ఎక్కువ.

ఇచట గమనింపవలసిన సంగతి మరొకటి కలదు. హ్రస్వదృష్టి గల కన్ను సాధారణముగ వెనుకకు పొడవుగ సాగిన కన్ను. చికిత్సలో ముందు కిటికీ చదునైనది గాని ఇంటి పొడవు తగ్గలేదు. సాగిన నేత్రపటలము సాగినట్లే యున్నది. వంకరగ తగులుకొన్న దృష్టినాడి అట్లే యున్నది. హ్రస్వదృష్టి హెచ్చుగ గలవారికి నీటికాసులు వచ్చు అవకాశము ఇతరులకంటె ఎక్కువ. జోడు పోయినంత మాత్రమున ఈ అవకాశము పోదు. పోయినది వైద్యుని హెచ్చరించు గుర్తు మాత్రమే. దళసరి అద్దములు పెట్టుకొని లోనికి వచ్చినవానిని చూడగానే హ్రస్వదృష్టి అని తెలియును. జోడు లేకుండ వచ్చినవాడు నోరు విప్పి చెప్పిననే తెలియును. “మీకు లేసరు చేయించితిరా?” అని అడుగని పరీక్ష మొదటి మెట్టుననే తప్పిపోయిన పరీక్ష.

ఇక ఒత్తిడి. కంటిలో నిరంతరము ఒక తేటనీరు ఊరి, నల్లగుడ్డు అంచుననున్న జల్లెడవంటి కణజాలము గుండ బయటికి పోవుచుండును. ఊరుటకు పోవుటకు పొందిక తప్పినచో ఒత్తిడి పెరుగును. దానిని కొలుచు పరికరములలో ప్రసిద్ధమైనది 1950లలో బెర్న్ నగరములో హాన్స్ గోల్డ్‌మన్ రూపొందించినది. ఒక చిన్న పట్టకమును కార్నియాకు ఆనించి, 3.06 మిల్లీమీటర్ల వ్యాసము గల వృత్తము చదునగు వరకు నెట్టుదురు. ఆ వ్యాసమే ఎందుకు? రెండు కారణములు. మొదటిది, ఆ వైశాల్యము 7.35 చదరపు మిల్లీమీటర్లు. ఒక గ్రాము బలము దానిపై పడినచో సరిగా 10 మిల్లీమీటర్ల పాదరసమునకు సమానమగును, లెక్క తేలిక. రెండవదే అసలు తెలివి. వంగనని ఎదురుతిరుగు కార్నియా బిరుసుతనము పట్టకమును వెనుకకు నెట్టును. కన్నీటి తలతన్యత దానిని లోనికి లాగును. ఈ రెండును ఆ వ్యాసమువద్ద ఒకదానినొకటి కొట్టివేసుకొనును. మిగులునది కంటి లోపలి ఒత్తిడి ఒక్కటే.

ఎంత చక్కని ఏర్పాటు! కాని ఈ కొట్టివేత, కార్నియా అరమిల్లీమీటరుకు కొంచెము పైమందముతో, సహజమైన వంపుతో ఉన్నపుడే పొసగును. పొర పలుచనై బిరుసు తగ్గినచో వెనుకకు నెట్టు బలము తక్కువ. అందుచే పరికరము అసలుకంటె తక్కువ అంకె చూపును. దళసరి టైరును, పలుచని ట్యూబును బొటనవ్రేలితో నొక్కి చూచినవారికి ఈ తేడా తెలియును. గోల్డ్‌మన్ దీనిని దాచలేదు. మందము చాల మారినచో కొలత మారునని ఆయనకు తెలియును. తరువాతివారు అంకెను ఉంచుకొని షరతును వదలివేసినారు. తప్పు పరికరమునది కాదు.

దీనికి విరుగుడుగ కొందరు సవరణ పట్టికలు వాడుదురు: ఇన్ని మైక్రాన్లు తగ్గినచో ఇన్ని మిల్లీమీటర్లు కలుపుము అని. సగటున ఇవి కొంతవరకు సరిపోవచ్చును. కాని సగటు మనిషి ఎవ్వడును వైద్యశాలకు రాడు. ఒకే మందము గల రెండు కార్నియాలలో ఒకటి బిరుసుగను మరొకటి మెత్తగను ఉండవచ్చును. అందుచే పట్టికతో కలిపిన అంకె నిజమైన కొలతవలె కనబడు ఊహ మాత్రమే. కార్నియా వంపునకు సరిపడు పుటాకారపు కొనతో ఒత్తిడిని గ్రహించు పరికరములు, గాలి దెబ్బకు కార్నియా ఎట్లు ఊగినదో చూచి లెక్కకట్టు పరికరములు వచ్చినవి. ఇవి మందముపై తక్కువగ ఆధారపడును గనుక మేలు. ఇవి లేనిచోట ఒకే పరికరముతో, వీలైనంతవరకు ఒకే వేళకు, పలుమార్లు కొలిచి అంకె ఎటు నడచుచున్నదో చూచుట మేలు.

అంతకంటె పెద్ద పొరపాటు నీటికాసులను ‘కంటి బి.పి.’ అని పరిచయము చేయుట. తెలుగు పత్రికలలో, వైద్యశిబిరముల కరపత్రములలో ఈ పోలిక తరచు కనబడును. సులభముగ నుండును, నిజమే. కాని దాని ఫలితమేమి? అంకె బాగుంటే జబ్బు లేదని వినువాడు అనుకొనును. 1996 మొదలు 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థవారు ఆంధ్రప్రదేశ్‌లో జరిపిన సర్వేలో పదివేలకు పైబడిన జనులను పరీక్షించిరి. హైదరాబాదు నగర భాగమున తెరచుకోణపు నీటికాసులు గలవారిలో సుమారు మూడింట రెండువంతుల మందికి పరీక్షనాడు ఒత్తిడి 22 కంటె తక్కువగనే ఉండెను. పదింట తొమ్మిదిమందికి పైగా తమకా వ్యాధి యున్నట్లే అంతకు ముందు ఎరుగరు. చెక్కని కన్నులలోనే అంకె ఇంతగ మోసపుచ్చినపుడు, చెక్కిన కన్నులో దానినే నమ్ముకొని కూర్చుండుట ఎట్లు? అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన యొకటి, ఒత్తిడి హెచ్చుగ నున్నవారిలో కార్నియా పలుచగ నున్నవారికి దృష్టినాడి దెబ్బతిను అవకాశము ఎక్కువ యని 2002లో చూపెను. అయితే ఆ పలుచదనము పుట్టుకతో వచ్చినది. లేసరుతో వచ్చిన పలుచదనమునకు ఆ ఫలితమును ఉన్నదున్నట్లు తగిలించుట మరొక తొందరపాటు.

అక్షరముల పట్టిక చదివించుటయు చాలదు. 2018లో తెలంగాణలోను, 2019లో ఆంధ్రప్రదేశ్‌లోను ‘కంటివెలుగు’ కార్యక్రమములు మొదలైనవి. జోడు లేక బాధపడువారికి అవి చేసిన మేలు కాదనరానిది. కాని నీటికాసులు ప్రక్కచూపును ముందుగ తినివేయును. నడిమి చూపు చివరివరకు నిలిచి యుండును. పట్టికలో కడపటి వరుస చదివినవాడు సైతము సగము దృష్టినాడి పోగొట్టుకొని యుండవచ్చును. దృష్టినాడి చూడవలెను, దృష్టిక్షేత్రము కొలువవలెను.

ఇపుడు కటకము. దీని మూలసూత్రము పాతది. 1801లో థామస్ యంగ్ నీరు నింపిన గొట్టమును కంటికి ఆనించుకొని, నీరు తగిలినంతనే కార్నియా శక్తి దాదాపు మాయమగుటను చూచెను. 1888లో అడాల్ఫ్ ఫిక్ గాజు కటకములను వర్ణించెను. 1948లో కెవిన్ టూహీ చిన్న ప్లాస్టిక్ బిళ్ళను తయారుచేసెను. ప్రాణవాయువును లోనికి పోనిచ్చు గట్టి పదార్థములు 1970లలో వచ్చెను. గట్టి కటకము చేయునది యంగ్ గొట్టము చేసినదే: గరుకైన కార్నియాకు నున్నని కటకమునకు మధ్య కన్నీటిని నింపును. కార్నియా వక్రీభవన గుణకము 1.376, కన్నీటిది 1.336. గాలికి కార్నియాకు భేదము 0.376 కాగా, కన్నీటికి కార్నియాకు భేదము 0.040 మాత్రమే. అనగా ఎగుడుదిగుడుల వలన కలుగు చెడుగులో సుమారు తొమ్మిదింట ఒక వంతు మిగిలి తక్కినది కన్నీటిలో మునిగిపోవును. గుంటలు పడిన వీధిలో వాననీరు నిండినపుడు పైన అద్దమువలె చదునుగ తోచును గదా! జోడు పోగొట్టలేని దయ్యపు నీడను ఈ బిళ్ళ పోగొట్టుట ఇందువలననే. మెత్తని కటకము కార్నియా గుంటను అనుసరించి తానును వంగును గనుక ఈ పనికి అంతగ రాదు.

కాని బిళ్ళను అమర్చువారు మొదట చేయునదేమి? కార్నియా నడుమ సుమారు మూడు మిల్లీమీటర్ల వలయపు వంపును ఒక పరికరముతో కొలిచి, ఆ అంకెకు దగ్గరగ నున్న కటకమును పెట్టి చూచుట. మామూలు కంటికి ఇది మంచి పద్ధతియే. మన గుమాస్తా కంటికి? చికిత్సకు ముందు అతని వంపు వ్యాసార్ధము 7.8 మిల్లీమీటర్లు, అనగా 43 డయాప్టర్ల పైచిల్లర, అనుకొందము. ఆరు డయాప్టర్లు చెక్కినందున నడుమ అది 9.0 అయినది. చెక్కని అంచులో మాత్రము ఇంకను 7.8 దరిదాపులలోనే యున్నది. సహజమైన కార్నియా నడుమ వాలుగను అంచున చదునుగను ఉండును, ఇది తలక్రిందైనది. కొలిచిన అంకెను నమ్మి 9.0 వంపు కటకము తెప్పించినచో అది చెక్కుడు ముగిసిన గట్టుమీద కూర్చుండి, అంచులు లేచి, రెప్ప ఆడినపుడెల్ల జారును. పోనీ, పాత వంపు 7.8 తెప్పించినచో? అంచున కుదురుగ నిలుచును, నడుమ కన్నీటి మడుగు కట్టును. ఆ మడుగు కూడ ఒక కటకమే. 336ను 7.8చే భాగించిన 43.1, 9.0చే భాగించిన 37.3. భేదము ప్లస్ 5.8 డయాప్టర్లు. దానిని విరుచుటకు బిళ్ళలో మైనస్ 5.8 పెట్టవలసి వచ్చును!

ఏ మైనస్ ఆరు పోగొట్టుకొనుటకు అతడు డబ్బు పోసి చికిత్స చేయించుకొన్నాడో అది మరల కటకములో తిరిగి వచ్చినది. చీటీలో ఈ అంకె చూచి “నా చూపు మళ్ళీ పాడైపోయింది” అని అతడు హడలిపోవును. పాడు కాలేదు, లెక్క అది. ఈ ఒక్క సంగతిని అమర్చినవారు రెండు మాటలలో చెప్పినచో ఎంత భయము తప్పునో!

మేలైన మార్గము నడుమ చదునుగను, దాని చుట్టు వాలుగను ఉండునట్లు తిరుగువంపులతో చేసిన కటకము. లేదా కార్నియాను అసలు తాకక తెల్లగుడ్డుమీద ఆనుకొని, మధ్య ఉప్పునీరు నింపుకొను పెద్ద కటకము. ఈ పెద్ద కటకములను అమర్చు విభాగము హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ సంస్థలో చాల యేండ్లుగ నడచుచున్నది. ఆ సంస్థకు విశాఖపట్టణములో 2006 నుండి ప్రాంగణము కలదు. రంగుచుక్క వేసి, నీలికాంతిలో పచ్చగ మెరయు కన్నీరు ఎచ్చట మడుగు కట్టినదో, ఎచ్చట నల్లగ ఆనుచున్నదో చూచి నిర్ణయించు ఓపిక ఇందు ప్రధానము. అంకె మొదటి ఊహ. కన్ను చెప్పునది తుది తీర్పు.

నీటికాసులు తోడైనపుడు పెద్ద కటకమునకు వచ్చిన మెప్పును కొంత తగ్గించి చూడవలెను. అది ఆనుచోటు తేటనీరు బయటపడు నరములకు సమీపము. ఒత్తిడి పెరుగునా? కొన్ని పరిశోధనలు కొద్దిగ పెరిగినదనుచున్నవి, కొన్ని మార్పు లేదనుచున్నవి. కటకము ధరించి యుండగ కార్నియాపై కొలుచుట సాధ్యము కాదు గనుక రెప్పమీదనో తెల్లగుడ్డుమీదనో కొలిచిన అంకెలతో ఈ వాదము సాగుచున్నది. వాదము తేలువరకు దృష్టినాడి ఇదివరకే బాగుగ దెబ్బతిన్నవానికి పెద్ద కటకమును మొదటి ఎంపికగ ఇచ్చుట సాహసమే. చిన్న కటకముతో చూపు వచ్చుచున్నచో అదియే మేలు.

నీటికాసులకు శస్త్రచికిత్స జరిగినవారి సంగతి మరింత సున్నితము. 1968లో కెయిర్న్స్ వర్ణించిన శస్త్రచికిత్సలో తేటనీటికి కొత్త దారి చేసి, పైరెప్ప క్రింద ఒక నీటిబుడగగ చేరనిత్తురు. ఆ బుడగ గోడ బహు పలుచన. మామూలుగ గట్టి కటకము పైరెప్పకు తగులుకొని పైకి నిలుచుట మంచి అమరికయని పాఠములలో చెప్పుదురు. ఇచట ఆ పాఠమే ప్రమాదము: అంచు రాచుకొని బుడగ చిరిగిన, సూక్ష్మజీవులు కంటి లోపలికే దారి చేసికొనును. కటకము రెప్పల నడుమ నిలిచి బుడగకు దూరముగ నుండవలెను. పెద్ద కటకము తప్పనిసరియైన ఆ చోట అంచును గంటు వేసియో పైకెత్తియో చేయింపవలెను. కొన్ని కన్నులకు కటకము వద్దనుటయే సరియైన అమరిక.

చుక్కలమందు మరొక చిక్కు. సీసాలో మందు చెడకుండ కలుపు బెంజాల్కోనియం క్లోరైడు మెత్తని కటకములో ఇంకి మెల్లగ కంటిని కొరుకును. గట్టి దానిలో ఇంకుట తక్కువ. అయినను కటకము తీసి చుక్కవేసి, పదునైదు నిమిషములు ఆగి మరల పెట్టుకొనుట పద్ధతి. లేసరు కోతలో కార్నియా నరములు తెగుటచే కన్నీరు ముందే తగ్గి యుండును. ఒత్తిడి తగ్గించు మందులు కొన్ని దానిని మరింత ఎండగట్టును. నిలువ రసాయనము లేని మందులున్నవి, ధర ఎక్కువ. నెలజీతపు గుమాస్తా ఉదయము పనికి పరుగెత్తుచు చుక్క మానునా, కటకము మానునా యను ప్రశ్న వైద్యగ్రంథములలో ఉండదు. మానునది తరచు చుక్కయే, ఏలన కటకము తీసినచో వెంటనే మసక. చుక్క మానినచో ఆనాడేమియు తెలియదు.

పేర్లను గూర్చియు ఒక మాట. బడి పుస్తకములు కార్నియాకు ‘శుక్లపటలము’ అను పేరు పెట్టినవి. జనులు ‘శుక్లము’ అన్నచో కంటిలోని సహజ కటకము మసకబారుట యని గ్రహింతురు. ఇక ‘నీటికాసులు’ అన్నచో అదియు శుక్లమువంటిదే, ముదిరిన తరువాత కోయించుకొనవచ్చునని పల్లెలలో ఎదురుచూచువారు కలరు. శుక్లము ముదిరినను చికిత్సతో చూపు తిరిగి వచ్చును. నీటికాసులలో పోయిన చూపు రాదు. పొరకు ఒక పేరు, వ్యాధికి దాదాపు అదే పేరు పెట్టిన పండితులు ఈ గందరగోళములో కొంత భారము మోయవలెను. కార్నియాను కార్నియా అనుటలో తెలుగునకు వచ్చు లోపమేమియు లేదు.

మన గుమాస్తా ఇపుడు ఏమి పట్టుకొని వైద్యుని వద్దకు పోవలెను? పదునారేండ్ల క్రిందటి ఒక కాగితము. చికిత్సకు ముందు కార్నియా మందమెంత, వంపు ఎంత, ఒత్తిడి ఎంత, జోడు శక్తి ఎంత, ఎన్ని మైక్రాన్లు చెక్కిరి? ఆ పాత వంపు కటకము అమర్చువారికి కావలెను; పాత మందము, పాత ఒత్తిడి నీటికాసులు చూచువారికి కావలెను; పాత జోడు శక్తి దృష్టినాడిని చదువువారికి కావలెను. ముందుముందు శుక్లము వచ్చి కృత్రిమ కటకము పెట్టవలసినపుడు దాని శక్తిని లెక్కకట్టుటకును ఇదే కాగితము కావలెను. చికిత్స జరిగిననాడు ఈ కాగితము అడిగి తీసికొనువారు తక్కువ, అడుగకుండ ఇచ్చువారు ఇంకను తక్కువ. పొలము దస్తావేజు ట్రంకుపెట్టెలో ఉండును. కంటి దస్తావేజు ఏ గోడబీరువాలోనో చెదలకు చేరును. చేయించుకొని ఇరువది యేండ్లు కాకున్నచో అది ఇంకను ఎచ్చటనో దొరకవచ్చును. ఈ వారమే పోయి నకలు అడుగవచ్చును.